క్షమాభిక్షా, కారుణ్యమా?

సందేహం: 1988లో స్కాట్లండ్‌లోని లాకర్‌బీ ఊరిపై జరిగిన విమాన పేలుడు కేసులో శిక్ష పడిన లిబియా పౌరుడు మెగ్రాహీని 2009 ఆగస్టులో స్కాట్లండ్ ప్రభుత్వం జబ్బు కారణంగా విడిచిపెట్టడాన్ని ఒక వ్యాసకర్త ‘క్షమాభిక్ష’ అన్నారు. సరేనా? లిబియా చమురు కోసమే వదిలారన్న ఆరోపణ నిజమైతే దానిని ‘కారుణ్యం’ అనవచ్చునా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: క్షమాభిక్ష ఇక్కడ పొసగదు. మన రాజ్యాంగం 72, 161 అధికరణాల ప్రకారం రాష్ట్రపతి, గవర్నరు శిక్షను మాఫీ చేయడమో తగ్గించడమో క్షమాభిక్ష. 270 మంది మృతికి బాధ్యుడని 2001లో తీర్పు వచ్చిన మెగ్రాహీ నేరమూ చెరిగిపోలేదు, శిక్షా రద్దు కాలేదు. క్యాన్సరుతో ఎక్కువ కాలం బతకడని ఇంటికి పోనిచ్చారు. కనుక ‘కారుణ్య విడుదల’ తగిన మాట. దీనినే కొందరు ‘కారుణ్యత’ అంటున్నారు. కరుణ కారుణ్యమైన తరువాత మళ్లీ ‘త’ ఎందుకో వారు ఆలోచించాలి.

ఇంతకన్నా నాకు ప్రియమైన మాట మన పల్లెల్లో ఉన్నది: ‘పాపమని ఇడిచిపెట్టినారు’. సంస్కృతంలో దుష్కృతానికి పేరైన పాపం మన నోట ‘అయ్యో పాపం’ అయింది. పలమనేరు దాటి కన్నడసీమకు పోతే ‘పాప’, నగరి దాటి తమిళసీమకు పోతే ‘పావం’, అక్కడా జాలిమాటే. చేసిన చెడ్డపనినుంచి దాని ఫలమైన దురవస్థకూ, దురవస్థనుంచి దానిని చూసినవాడి జాలికీ అర్థం జరిగిందని నా ఊహ. దోషి చేసినదానికీ, చావుబతుకుల్లో ఉన్న దోషిని చూసి మనం అనేదానికీ ఒకే మాట సరిపోవడం ఎంత లోతైన విషయం! ఇంత మాట ఇంట్లో ఉండగా పత్రికలు ‘మానవతా దృక్పథంతో కూడిన కారణాల రీత్యా’ అని సాగదీయడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. అమరకోశం కారుణ్యానికి పర్యాయాలుగా చెప్పినవాటిలో అనుకంప ఒకటి. ఎదుటివాడితోపాటు తానూ కంపించడమని దాని అర్థం. పోతన విష్ణువు ‘సిరికిం జెప్పడు’, అంటే లక్ష్మికైనా చెప్పకుండా ఏనుగును కాపాడటానికి బయలుదేరాడు. ఆ కొలతతో చూస్తే బేరమాడి చేసిన విడుదల కారుణ్యం కాదు. అయితే చమురు ఆరోపణను స్కాట్లండ్ ప్రభుత్వం ఖండించింది. మూడు నెలలన్న అంచనా దాటి అతడు 2012 మే వరకు బతకడం అనుమానాన్ని పెంచింది కాని, వైద్యుల అంచనా తప్పినంత మాత్రాన పాలకుల ఉద్దేశం రుజువు కాదు. చట్టం పెట్టిన పేరుగా ‘కారుణ్య విడుదల’ను ఉంచవచ్చు, రాజకీయమే నడిపించిందని నమ్మేవారు ‘కారుణ్యం పేరిట విడుదల’ అని రాస్తే నేను తప్పు పట్టను.