సమాధానం: ఐవీసీలో గడ్డ ఉన్నప్పుడు ఎంఆర్ఐ మళ్లీ ఎందుకు?

నెల క్రితం తీసిన ఎంఆర్ఐ ఉన్నా, ఆపరేషన్‌కు ముందు మీ నాన్నగారికి మళ్లీ ఎందుకు తీయించమన్నారని అడిగారు. కారణం, కిడ్నీ క్యాన్సర్ ఐవీసీలోకి (శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిరలోకి) గడ్డలా పాకినప్పుడు ఆ గడ్డ కొస కొద్ది వారాల్లోనే పైకి పెరిగే అవకాశం ఉండటమే కావచ్చు.

1. చాలామంది వదిలేసేది ఇదే. ఆపరేషన్‌కు రెండు వారాల లోపు, వీలైతే వారం లోపు తీసిన స్కాన్ సర్జన్ చేతిలో ఉండాలి. కొస కాలేయం కిందే ఆగిందా, కాలేయ సిరలను దాటిందా, గుండె కుడి కర్ణికను (కుడివైపు పై గదిని) చేరిందా అన్నదాన్ని బట్టే కోత ఎంత, గుండె సర్జన్ ఉండాలా, హార్ట్-లంగ్ మెషీన్ (ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) సిద్ధం చేయాలా అన్నవి తేలతాయి. తేదీ వాయిదా పడితే స్కాన్ ఎప్పటిదో మీరే గుర్తు చేయండి.

2. ఎనాక్సపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) పూర్తి మోతాదులో ఇస్తుంటే, చివరి డోసు సాధారణంగా ఆపరేషన్‌కు కనీసం 24 గంటల ముందే ఉండాలి. కిడ్నీ పనితీరు తగ్గినవారికి ఇంకా ముందే ఆపవచ్చు. ఆ సమయాన్ని మత్తు డాక్టరుతో రాయించుకోండి, దయచేసి మీ అంతట మీరు ఆపకండి.

3. ఆపరేషన్ జరుగుతుండగా అన్నవాహిక ద్వారా ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) చూస్తారా అని అడగండి. గడ్డ ముక్క కదిలితే అది అప్పటికప్పుడు చూపగలదు.

4. రక్తం ముందే సిద్ధం చేయించండి.

ఈలోగా హఠాత్తుగా ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.