స్టేజి మేనేజరు సొంత నాటక సమాజం పెట్టాలంటే

ప్రశ్న: మాది గుంటూరు. బీకాం చదివాను. నాలుగేళ్లుగా విజయవాడలో ఒక నాటక సమాజానికి స్టేజి మేనేజర్‌గా చేస్తున్నాను. చిన్న సమాజం సొంతంగా నడపాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఏ లైటు ఎప్పుడు వెలగాలో, ఏ వస్తువు ఏ వింగ్‌లో (స్టేజి పక్క తెరల చాటున) ఉండాలో, రిహార్సల్‌కి ఎవరు ఆలస్యంగా వస్తారో మీకు ఇప్పటికే తెలుసు. ఆ ఆటకి ఎంత ఖర్చయింది, డబ్బు ఎక్కడినుంచి వచ్చింది అన్నది మాత్రం స్టేజి మేనేజరు దాకా సాధారణంగా రాదు. అందుకే ఇప్పుడున్న సమాజంలోనే వచ్చే నాటికకి లెక్కలు రాసే పని అడిగి తీసుకోండి. బీకాం చదివినవారికి ఆ పని ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

లెక్క రెండు పట్టీలుగా రాయండి. రచయితకిచ్చేది, సెట్టు, దుస్తులు, సంగీతం రికార్డింగు, రిహార్సల్ హాలు, టీ టిఫిన్లు ఒకసారి అయ్యే ఖర్చు. నటీమణుల పారితోషికం, మేకప్, లైట్ల అద్దె, వ్యాను, భోజనాలు ఆడిన ప్రతిసారీ అయ్యేవి. ఉదాహరణకి తయారీకి 60,000, ఆటకి 22,000 ఖర్చయి, నాటిక పోటీలు నడిపే పరిషత్తువారు 28,000 ఇస్తే ఆటకి మిగిలేది 6,000. అంటే పది ఆటలు పడితేగాని పెట్టుబడి తిరిగిరాదు. చాలామంది తయారీ ఖర్చు మరిచిపోయి, ఆ 6,000 చూసి లాభం అనుకుంటారు. బహుమతి డబ్బు ముందే లెక్కలో కలుపుకోవడం ఇంకా పెద్ద తప్పు.

నటీమణులకి రిహార్సల్‌కి ఇంత, ప్రదర్శనకి ఇంత అని మొదటి రోజే కాగితం మీద పెట్టండి. మంచి నటి రెండు మూడు సమాజాల్లో ఆడుతుంటుంది కాబట్టి ఆమె తేదీలు తీసుకున్నాకే పరిషత్తుకి మాట ఇవ్వండి.

మొదటి నాటిక అయిదారు పాత్రలతో, ఒకే సెట్టుతో ఉండాలి. పరిషత్తులో రాత్రి వరసగా రెండు మూడు నాటికలు పడతాయి, మీ సెట్టు నిలబెట్టడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఒక్కో ముక్క ఇద్దరు మోయగలగాలి, మొత్తం ఒకే వ్యానులో పట్టాలి. రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. రచయిత కన్నుమూసినా 60 ఏళ్లపాటు హక్కులు వారసులవే.

తొలి ప్రదర్శనకే విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రమో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరమో బుక్ చేయాలని మనసు లాగుతుంది. వద్దు. పెద్ద హాల్లో ఖాళీ కుర్చీల ముందు ఆడితే నటులు డీలా పడిపోతారు. వంద కుర్చీల చోటు నిండితే అదే మేలు.

మీకు అన్నిటికన్నా కష్టమయ్యేది క్యూ కాపీ (ఏ లైటు, ఏ శబ్దం ఎప్పుడు రావాలో రాసుకున్న స్క్రిప్టు) వదలడం. సమాజం నడిపేవారే లైటు క్యూలు కూడా చెబుతుంటే, ఆట రోజున పరిషత్తువారితో, కళాకారులతో మాట్లాడేవారు ఉండరు. ఒక సహాయకుణ్ణో సహాయకురాలినో ఇప్పుడే పక్కన పెట్టుకోండి. ఒక ఆటలో వాళ్లు మీ పక్కన నిలబడాలి, రెండోదాంట్లో వాళ్లు చెబుతుంటే మీరు వినాలి, మూడోదాంట్లో మీరు ప్రేక్షకుల్లో కూర్చోవాలి. అక్కడ తప్పు కనిపించినా వింగ్‌లోకి పరుగెత్తకండి.

రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద జరుగుతుంది, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురినీ ఇంట్లోవాళ్లతోనే నింపకండి. సంఘం పేరున పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్ ఉండాలి. గ్రాంట్లకి దరఖాస్తు పెట్టేటప్పుడు ముందు అడిగేది ఆ ఆడిట్ లెక్కలే. సెట్లు, దుస్తులు సంఘానివని నియమావళిలోనే రాయండి. విడిపోయేటప్పుడు గొడవలు వచ్చేది వాటి మీదే.

ఇక రిహార్సల్ క్యాలెండర్ ఆట తేదీ నుంచి కాక, పరిషత్తువారు స్క్రూటినీకి (పోటీకి నాటికల్ని ఎంపిక చేయడానికి) వచ్చే తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి. అందరికీ ఉద్యోగాలుంటాయి, సాయంత్రాలే దొరుకుతాయి కాబట్టి పాతిక రిహార్సల్స్ అంటే దాదాపు రెండు నెలలు. స్క్రూటినీ రోజుకి, చాటునుంచి డైలాగులు అందించే ప్రాంప్టర్ గొంతు వినిపించే అవసరం రాకూడదు.