ఎనిమిదో తరగతి పిల్లలతో ప్లాస్టిక్ చెత్తతో బొమ్మ చేయించాలి, నెల టైముంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను ఉప్పల్ వైపు ఓ స్కూల్లో డ్రాయింగ్ చెప్తానండీ. నెల రోజులు సరిపోతాయి. కానీ "రేపు తలా పది బాటిళ్లు తీసుకురండి" అని మాత్రం పిల్లలకు చెప్పకండి. మొదటి ఏడాది నేను చెప్పాను. సగం మంది కొత్త బాటిళ్లు కొని, నీళ్లు మొక్కలకు పోసి తెచ్చారు. ఒకమ్మాయి వాళ్ల నాన్న ఏకంగా ఓ కేసు నీళ్ల బాటిళ్లు దింపి వెళ్లాడు.

వాటితో ఏనుగు చేశాం. ఫెవికాల్ పట్టలేదు. అందులోని నీళ్లు ఇంకితేనే అది అంటుకుంటుంది, ప్లాస్టిక్ నీళ్లు పీల్చదు కదా. గ్లూ గన్‌తో అంటించి పైన పెయింట్ వేస్తే, ప్రదర్శన రోజు మధ్యాహ్నానికే తొండం మీద రంగు పొట్టులా లేచింది. అసలు సిగ్గు తర్వాత. విప్పి కబాడీకి వేద్దామంటే ఆయన ఒక బాటిల్ తిప్పి చూసి, "రంగు, జిగురు ఉంటే ఎవరూ తీసుకోరు సార్" అన్నాడు. మామూలు బాటిళ్లయితే కిలో లెక్కన కొనేవాడే. అమ్ముడుపోయే సరుకును మేమే చెత్త చేశామన్నమాట.

అప్పట్నుంచి కబాడీ కొనేది ముట్టుకోను, కొననివే ఏరతాను. అంటే చిప్స్, బిస్కెట్ కవర్లు. ప్లాస్టిక్ మీద అల్యూమినియం పూత ఉంటుంది, దాన్ని విడదీయడం కష్టం. ఇవి కూడా ఇంటి నుంచి తెమ్మంటే చిప్స్ తినడానికి సాకు దొరుకుతుంది, అందుకని గ్రౌండులో, గేటు బయట కిరాణా కొట్టు ముందు గ్లవ్స్ వేయించి ఏరించాను.

పాలపిట్ట చేద్దామనుకున్నాం. "పాల ప్యాకెట్లతోనే చేద్దాం సార్" అని ఒకడు జోకేశాడు గానీ, అవి మా కబాడీ కొంటాడు! కూర్చున్న పాలపిట్ట వెలిసిపోయినట్టు ఉంటుంది, రెక్క విప్పితేనే ఆ ముదురు, లేత నీలాలు కనిపిస్తాయి. కాబట్టి ఎగురుతున్నట్టే చేయాలి.

కవర్లు కోసి సబ్బుతో కడగండి, నూనె ఉంటే చీమలు పడతాయి. ఆరాక రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, కోళ్ల ఫారాల్లో వాడే ఇనుప జాలీకి ముడులు వేయించండి. జాలీ అంచులు ముందే లోపలికి మడవండి, గీసుకుంటాయి. జిగురు, రంగు ఏవీ అక్కర్లేదు. రెక్క కొసల్లో కొన్ని పట్టీలు తిరగేస్తే వెండిలా మెరుస్తాయి. బెజ్జాలకు దబ్బనం వాడండి. మేకు కాల్చి గుచ్చనివ్వొద్దు, ఆ పొగ మంచిది కాదు. వెనకాల ఆనింపుకి థర్మకోల్ కొనకండి, అలంకరణకు వాడే థర్మకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అట్టపెట్టె చాలు.

ఏడాది వేలాడదీశాక పిట్టను విప్పడానికి ఒక్క పీరియడ్ పట్టింది. ఇప్పుడు అదే జాలీ మీద జింక చేస్తామంటున్నారు. గోధుమ రంగు కవర్లు దొరకట్లేదు, ప్రస్తుతం మా టెన్షన్ అదే.