డిస్క్‌ను తిట్టి, తలుపు తీసిపెట్టారు

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో 4 టీబీ డిస్క్‌లు నాలుగు పెట్టి, ఉచితంగా దొరికే ఎన్ఏఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు దాచుకునే పెట్టె) సాఫ్ట్‌వేర్ వేసి ఇంటి సర్వర్‌గా వాడుతున్నాను. రాత్రి బ్యాకప్ నడుస్తుండగా మూడో డిస్క్ రెయిడ్ (డిస్క్‌లన్నిటినీ కలిపి ఒకటిగా నడిపే ఏర్పాటు) లోంచి పడిపోతోంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది. కొత్త డిస్క్ కొని వేస్తే అదీ అలాగే పడిపోయింది. డ్రైవర్ సమస్య అన్నారు. ఒక వీడియోలో చెప్పినట్టు ఫైర్‌వాల్ తీసేశాను, ఎస్ఎంబీ 1 (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేశాను, రౌటర్‌లో సర్వర్‌ని డీఎంజెడ్‌లో పెట్టాను. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఫోటోలు చూసుకోవాలని స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఇంటర్నెట్ అడ్రస్) ముందే తీసుకున్నాం. ఏ డ్రైవర్ వేస్తే ఇది సర్దుకుంటుంది? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఏ డ్రైవరూ వేయకండి. నాలుగు డిస్క్‌లూ ఒకే కంట్రోలర్ మీద ఉన్నాయి, నాలుగింటినీ నడిపేది ఒకటే డ్రైవర్, అందులో మూడు నిక్షేపంగా పనిచేస్తుంటే తప్పు డ్రైవర్‌ది ఎలా అవుతుంది? డిస్క్ మార్చినా అదే చోట అదే జబ్బు వచ్చిందంటే మీరు మార్చనివి ఏవో చూసుకోవాలి. డేటా కేబుల్, పవర్ కేబుల్, మదర్‌బోర్డు మీద ఆ పోర్టు. ఊరు పేరు మార్చుకుని ఇదే కథ నెలనెలా నాకు వస్తూనే ఉంటుంది, ప్రతిసారీ డిస్క్ కొన్నాకే వస్తుంది.

సర్వర్‌లో స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా) తెరవండి. 5, 197, 198 నంబర్ల ఎదుట అంకెలు పెరుగుతుంటే డిస్క్‌లోనే సెక్టార్లు పాడవుతున్నాయి, డబ్బులు సిద్ధం చేసుకోవాల్సిందే. అవి సున్నా దగ్గరే ఉండి 199 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోతోందని అర్థం, అంటే దాదాపు ఎప్పుడూ కేబులే. ఈ 199 ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు, కాబట్టి కేబుల్ మార్చాక కూడా పాత అంకె చూసి కంగారు పడొద్దు. ఇవాళ్టి అంకె కాగితం మీద రాసుకోండి, కేబుల్ మార్చండి, రాత్రి బ్యాకప్ అయ్యాక పొద్దున చూడండి. కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాసుకునే లాగ్‌లో కూడా ఆనవాలు దొరుకుతుంది. లింక్‌ను హార్డ్ రీసెట్ చేస్తున్నామని, వేగాన్ని 6 నుంచి 3 జీబీపీఎస్‌కు తగ్గిస్తున్నామని లైన్లు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

సాటా కేబుల్ (అదే, డిస్క్ డేటా కేబుల్) కనెక్టర్ 50 సార్లు పెట్టి తీయడానికి మాత్రమే తయారైంది, స్పెసిఫికేషన్‌లోనే ఆ మాట ఉంది. పాత డెస్క్‌టాప్ కేబుల్ ఎన్ని చేతులు మారిందో ఎవరికి తెలుసు? సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో మీ ఊళ్లో కంప్యూటర్ షాపులోనో లాక్ క్లిప్ ఉన్న కేబుల్ తెచ్చుకోండి, పెద్ద ఖర్చేమీ కాదు. అదీ వద్దనుకుంటే మిషన్ ఆపేసి, రెండో డిస్క్ కేబుల్‌ని మూడోదానికి, మూడోదాని కేబుల్‌ని రెండోదానికి మార్చి చూడండి. జబ్బు రెండో డిస్క్‌కి వెళ్తే దొంగ కేబులో, అది తగిలించిన పోర్టో అని తేలినట్టే. అంతకుముందు ప్రతి డిస్క్ సీరియల్ నంబర్ రాసిపెట్టుకోండి. రెయిడ్ 5లో (ఒక్క డిస్క్ పోతే మాత్రమే తట్టుకునే రకం) ఒక డిస్క్ ఇప్పటికే బయట ఉన్నప్పుడు పొరపాటున మంచి డిస్క్ లాగారంటే ఏమవుతుందో మీకు తెలుసు.

కేబుల్ మార్చినా పడిపోతుంటే పవర్ చూడండి. పెద్ద సైజు డిస్క్ తిరగడం మొదలెట్టే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒకే పవర్ వైరుకి స్ప్లిటర్ తగిలించి నాలుగింటినీ వేలాడదీస్తే ఎవరో ఒకరికి కరెంటు అందదు. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ ప్లగ్) నుంచి సాటాకి మార్చే అడాప్టర్లలో ప్లాస్టిక్ పోతపోసి మూసేసినవి అసలు వాడొద్దు, లోపల షార్ట్ అయి కాలిపోయిన సందర్భాలు బోలెడు.

ఇంకో సంగతి, కొత్తగా కొన్న ఆ డిస్క్ ఎస్ఎంఆర్ రకమా (ట్రాకులు ఒకదాని మీదకి ఒకటి కొంచెం ఎక్కేలా రాసేది) సీఎంఆర్ రకమా (విడివిడిగా రాసేది) చూసుకున్నారా? ఎస్ఎంఆర్ డిస్క్ రెయిడ్ రీబిల్డ్ (కొత్త డిస్క్‌లోకి డేటా మళ్లీ నింపే) సమయంలో నత్తనడక నడిచి, సర్వర్ ఓపిక నశించి దాన్ని బయటికి తోసేస్తుంది. ఎన్ఏఎస్ కోసమే అని లేబుల్ వేసి అమ్మిన డిస్క్‌లలో చెప్పకుండా ఎస్ఎంఆర్ పెట్టిన బాగోతం 2020లో బయటపడింది. అప్పటి నుంచి డబ్బా మీద రాసింది నేను నమ్మను, మోడల్ నంబర్ పట్టుకుని డేటాషీట్ చూస్తాను.

మీ డిస్క్ గురించి నాకు టెన్షన్ లేదు. అది పోతే ఇంకోటి కొంటారు. నా భయమంతా ఆ వీడియో చూసి మీరు చేసినవాటి మీదే. బోర్డు లోపల వైరు వదులైతే రౌటర్‌లో ఫైర్‌వాల్ తీసేయమనడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే. సమస్య తీరలేదు సరే, తీసినవి మళ్లీ పెట్టారా? పెట్టలేదు. ఎవరూ పెట్టరు. "టెస్టింగ్ కోసం కాసేపు" అని తీసినవి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి.

డీఎంజెడ్ అంటే బయటి ప్రపంచం నుంచి మీ ఐపీకి వచ్చే ప్రతి కనెక్షన్‌నీ నేరుగా ఆ సర్వర్‌కి పంపించమని రౌటర్‌తో చెప్పడం. మన ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సీజీనాట్ (ఒకే ఐపీని చాలా ఇళ్లు పంచుకునే ఏర్పాటు) ఉంటుంది, ఎవరు కావాలన్నా బయటి నుంచి మీ దాకా రాలేరు, ఆ అడ్డం కూడా మీరు స్టాటిక్ ఐపీ తీసుకుని తొలగించారు. దానికి తోడు ఎస్ఎంబీ 1. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగేది) ప్రపంచాన్ని చుట్టేసింది ఈ పాత ప్రోటోకాల్‌లోని లోపం మీదుగానే, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అప్పుడు దాని బారిన పడ్డాయి. అప్‌డేట్ మాత్రం అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది. ఇంటి ఎన్ఏఎస్‌ల మీదకే ప్రత్యేకంగా వచ్చినవీ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ ఫైళ్లన్నీ పాస్‌వర్డ్ పెట్టిన ఆర్కైవ్‌లుగా మార్చి 0.01 బిట్‌కాయిన్ అడిగింది, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ 0.03 అడిగింది. అదే 2021 జూన్‌లో, 2015 తర్వాత అప్‌డేట్ ముఖం చూడని ఒక రకం ఇంటి డ్రైవ్‌లను బయటి నుంచి ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. అందులో బేరం కూడా లేదు. పొద్దున లేచేసరికి ఫోల్డర్లు ఖాళీ.

అందుకని కేబుల్ కొనడానికి వెళ్లేముందే డీఎంజెడ్ తీసేయండి, రౌటర్‌లో యూపీఎన్‌పీ (మిమ్మల్ని అడగకుండానే పోర్టులు తెరిచే సదుపాయం) ఆపండి, ఎస్ఎంబీ 1 ఆపండి, ఫైర్‌వాల్ పెట్టండి. తర్వాత సర్వర్‌లో మీకు తెలియని యూజర్ ఎవరైనా చేరారా, షెడ్యూల్ పనుల్లో మీరు పెట్టనిది ఏదైనా ఉందా చూడండి. ఏ కొంచెం తేడాగా కనిపించినా ఫోటోలు ముందు ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి తీసి, ఆ డ్రైవ్‌ని ఊడదీసి బీరువాలో పెట్టి, సర్వర్ సాఫ్ట్‌వేర్ మళ్లీ కొత్తగా వేయండి. మీ అబ్బాయికి ఫోటోలు కావాలంటే వైర్‌గార్డ్ (వీపీఎన్, అంటే బయటి నుంచి ఇంటికి ఒక రహస్య దారి) పెట్టండి, 2020 నుంచి అది లైనక్స్ కర్నెల్‌లోనే ఉంది, బయటికి ఒక్క యూడీపీ పోర్టు తెరిస్తే చాలు, సరైన కీ లేనివాడు తడితే అది పలకను కూడా పలకదు.

ఈ పరికరాలు తయారుచేసేవాళ్ల మీద నాకున్న కోపం కూడా ఇక్కడే కక్కేస్తాను. లోపల కర్నెల్‌కి అంతా తెలుసు, లింక్ ఎన్నిసార్లు తెగిందో టైంతో సహా లాగ్‌లో రాసుకుంటుంది. తెర మీద మాత్రం ఎర్ర లైటు, "స్టోరేజ్ డిగ్రేడెడ్", పక్కన డిస్క్ మార్చమని సలహా. "199 పెరుగుతోంది, ముందు కేబుల్ చూడండి" అని ఒక వాక్యం రాయడానికి ఏం ఖర్చవుతుంది? ఆ ఒక్క వాక్యం లేకే జనం వీడియోల వెంట పడి, ఎవరో అనామకుడు ఇచ్చిన స్క్రిప్ట్‌ని రూట్ పాస్‌వర్డ్ కొట్టి మరీ నడుపుతున్నారు. డ్రైవర్ పేరుతో వేసేది కర్నెల్ లోపలికి వెళ్తుందండీ, అక్కడికి చేరినదానికి మీ మిషన్‌లో అడ్డే లేదు.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత సర్వర్‌లో 2.5 జీ (సెకనుకు 2.5 గిగాబిట్ల) నెట్‌వర్క్ పోర్టు మాయమైంది. పాత పోర్టుకి మారిస్తే కాపీ స్పీడ్ సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. (వరంగల్)

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. పోర్టు పోవడానికి కారణం నిజంగానే డ్రైవర్. ఎప్పుడో బయటి నుంచి తెచ్చి కంపైల్ చేసి వేసుంటారు, కర్నెల్ మారేసరికి అది పాతబడిపోయింది. బూట్ మెనూలో పాత కర్నెల్ ఎంచుకుంటే పోర్టు తిరిగొస్తుంది. తర్వాత ఆ బయటి డ్రైవర్ తీసేసి కర్నెల్‌తో వచ్చేదాన్నే ప్రయత్నించండి. అదీ కుదరకపోతే డీకేఎంఎస్ ద్వారా వేసుకోండి, కర్నెల్ మారినప్పుడల్లా దానంతట అదే మళ్లీ తయారవుతుంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను ఆపే కాపలా) అడ్డుపడితే సంతకం కీ నమోదు చేయండి, దాన్ని ఆపేయకండి.

స్పీడ్ 11 దగ్గర ఆగిందంటే లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. కేబుల్ వేసినతను రెండు జతలే క్రింప్ చేసుంటాడు, లేదా ఒకటి తెగుంటుంది. రెండు చివర్లూ కోసి ఎనిమిది తీగలూ క్రింప్ చేయించండి. కేబుల్ మీద క్యాట్ 5ఈ అని ఉంటే 2.5 జీకి కూడా అదే సరిపోతుంది, కొత్తది లాగించనక్కర్లేదు.