ఘానాలో చీఫ్ భూమి: ఒక్క సంతకం చాలదు

ప్రశ్న: మాది పలాస. మా తమ్ముడు ఘానాలో టెచిమాన్ దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటున్నాడు. స్థలం అక్కడి చీఫ్ (సంప్రదాయ పాలకుడు) చేతిలో ఉందట. ‘డ్రింక్ మనీ’ ఇస్తే ఆయనే కాగితం రాసిస్తాడు, ప్రభుత్వంతో పనిలేదంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: సగమే నమ్మండి. చీఫ్‌ను కాదని అక్కడ స్థలం దొరకడం కష్టమే. ఘానాలో సుమారు 80 శాతం భూమి స్టూళ్లు, వంశాల కిందే ఉంది. స్టూల్ అంటే పీట, చీఫ్ పదవికి గుర్తు. దక్షిణాన చీఫ్‌ను పీట మీద, ఉత్తరాన జంతువు తోలు మీద కూర్చోబెడతారు. 1992 రాజ్యాంగం 267వ అధికరణం ప్రకారం భూమి ఆ పీటది, ఊరి జనం తరఫున. మన గుడి మాన్యం ధర్మకర్త సొంతం కానట్టే, అది చీఫ్ సొంతమూ కాదు.

అందుకే లీజు మీద చీఫ్‌తో పాటు ముఖ్యమైన పెద్దలూ సంతకాలు చెయ్యాలి. ఆపైన భూముల రికార్డులు చూసే ప్రభుత్వ సంస్థ ల్యాండ్స్ కమిషన్ సమ్మతి ఉండాలి. డబ్బు ఇవ్వకముందే లైసెన్సున్న సర్వేయరుతో సైట్ ప్లాన్ గీయించి, దానితో కమిషన్‌లో సెర్చ్ చేయించండి. ఆ స్థలం ఏ పీట కిందిదో, ఇదివరకే ఎవరికైనా రాశారో అక్కడ తేలుతుంది. చీఫ్ ఇచ్చే అలొకేషన్ చీటీ లీజు కాదు. లీజుకు స్టాంపు డ్యూటీ కట్టి రిజిస్ట్రేషన్ చేయించేదాకా పని అయినట్టు కాదు. విదేశీయులకు సొంత హక్కు రాదు, లీజు కూడా ఒక విడతకు 50 ఏళ్లు మించకూడదు. 99 ఏళ్లకు రాసిస్తామంటే అక్కడే ఆగిపోండి.

ఎక్కువమంది దెబ్బతినేది పీట తగాదాల్లో. ఇద్దరు ‘చీఫ్‌ను నేనంటే నేన’ని కూర్చుంటే, ఇద్దరూ అదే స్థలం అమ్ముతారు. సంతకం చేసే మనిషి పేరు చీఫ్‌ల జాతీయ రిజిస్టరులో ఉందో లేదో, ఆ పీట మీద ప్రాంతీయ చీఫ్‌ల సభలో కేసు నడుస్తోందో చూడండి. కేసుంటే ఆ స్థలం జోలికి వెళ్లొద్దు.

డ్రింక్ మనీ ఒకప్పుడు మర్యాదకిచ్చే మందు సీసా. ఇప్పుడది చాలాచోట్ల స్థలం ధరే. చీఫ్ చేతికిచ్చిన ఆ డబ్బు లెక్కల్లోకి రాకపోతే ఊరికి దక్కదు. పీట భూముల కార్యాలయానికి కట్టే గ్రౌండ్ రెంట్ అలా కాదు. 1,000 సెడీలు (ఘానా కరెన్సీ) కడితే 100 ఆ కార్యాలయ ఖర్చులకు పోతాయి. మిగిలిన 900లో పీటకు 225, సంప్రదాయ మండలికి 180, జిల్లా అసెంబ్లీకి 495. ఆ 495 చూపించి రోడ్డూ బడీ కావాలని ఊరు అడగవచ్చు. అందుకే రసీదు లేకుండా ఒక్క సెడీ కూడా ఇవ్వొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మన దగ్గర పటేల్, పట్వారీలను 1984లో ఒక్క ఆర్డినెన్సుతో తీసేశారు. ఘానా ప్రభుత్వం చీఫ్‌లను ఎందుకు తీసెయ్యదు?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పటేల్, పట్వారీలవి సర్కారు కొలువులు, సర్కారే తీసేసింది. ఘానాలో చీఫ్‌ను సర్కారు నియమించదు. అకాన్ జాతివారి ప్రాంతాల్లో రాజమాత పేరు చెబుతుంది, పెద్దలు ఒప్పుకుంటే పీట ఎక్కుతాడు. చీఫ్‌కు గుర్తింపు ఇవ్వడానికో, తీసెయ్యడానికో ఎవరికైనా అధికారం కట్టబెట్టే చట్టం పార్లమెంటు చెయ్యరాదని 270వ అధికరణం కట్టడి చేసింది. ఆ అధికరణాన్ని మార్చాలంటే రెఫరెండం పెట్టాలి. కనీసం 40 శాతం ఓటర్లు రావాలి, వచ్చినవారిలో 75 శాతం ఒప్పుకోవాలి.

ఈ రక్షణకు బదులుగా చీఫ్ పార్టీ రాజకీయాలకు దూరంగా ఉండాలి. పార్లమెంటుకు పోటీ చెయ్యాలంటే పీట దిగాల్సిందే. ఇది మంచి షరతని మా అభిప్రాయం. ఊరి భూమి చేతిలో ఉన్న మనిషి ఓట్లు కూడా అడిగితే జనం కాదనలేరు. తగాదాలు కూడా ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే మధ్యవర్తిగా తీర్చగలడు, జైల్లో పెట్టలేడు. పీట మీదే తగాదా వస్తే ప్రాంతీయ సభ, జాతీయ సభ, ఆపైన సుప్రీంకోర్టు. ఒక్కో ప్రాంతం నుంచి ఐదుగురు పారమౌంట్ (అందరికన్నా పై స్థాయి) చీఫ్‌లు జాతీయ సభకు వెళ్తారు. ప్రాంతాలు 2019 నుంచి 16 కాబట్టి మొత్తం 80 మంది.