మొదటి రీఫ్ డైవ్‌లో నేను తాబేలు వెంట పడ్డాను, మీరు పడకండి

స్కూబా డైవింగ్ మొదటి మెట్టు, అదే ఓపెన్ వాటర్ కోర్సు, అయిపోయింది, మొదటిసారి కోరల్ రీఫ్ (పగడపు దిబ్బ) మీద డైవ్ చేయబోతున్నా, ఏమేం కనపడతాయి, ఏదీ మిస్ అవకుండా చూడాలంటే ఏం చేయాలి అని అడిగారు కదండీ. ముందు నేను ఏం చూడలేకపోయానో చెప్తా, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

నా మొదటి రీఫ్ డైవ్ మొత్తం కలిపి 27 నిమిషాలు. దిగిన ఐదు నిమిషాలకే ఒక తాబేలు కనపడింది, ఇంక నాకు ఒళ్ళు తెలీలేదు, కాళ్ళు టపటపా కొట్టుకుంటూ దాని వెనకే పోయా, అదేమో తాపీగా రెండుసార్లు రెక్కలాడించి మాయమైపోయింది. ఆయాసపడుతూ, ట్యాంకులో మిగిలిన గాలి ఒత్తిడిని బార్ లెక్కన చూపే గేజ్ చూసుకుంటే 200 బార్‌తో దిగినవాణ్ణి 90కి వచ్చేశా. పైగా వెనక్కి తిరిగేటప్పుడు నా ఫిన్ (కాలికి తొడిగే ఈత తెడ్డు) తగిలి ఒక కొమ్మ పగడం విరిగింది. అది రాయీ కాదు మొక్కా కాదు, పాలిప్ అనే చిన్నచిన్న జంతువులు సున్నంతో కట్టుకున్న ఇల్లు, కొమ్మల రకం అయితే ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది, బండలా గుండ్రంగా ఉండే రకాలు అంత కూడా పెరగవు. అంటే నేను ఒక్క తన్నుతో ఎన్నేళ్ళ పని పాడుచేశానో మీరే లెక్కేసుకోండి. పైకొచ్చాక గైడ్ తిట్టలేదు గానీ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అదే రోజు రెండో డైవ్‌లో ఆయన మమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. కారంత ఉన్న ఒక పగడపు బండ దగ్గర ఆపి స్లేట్ మీద "కదలకండి" అని రాసి చూపించాడు, అంతే, ఇరవై నిమిషాలు అక్కడే తేలుతూ ఉన్నాం. మొదటి రెండు నిమిషాలు డబ్బులు దండగ అనిపించింది. తర్వాత మెల్లగా, మేమొచ్చామని దాక్కున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. బండ మీద రంగురంగుల బుల్లి క్రిస్మస్ చెట్ల లాంటివి విచ్చుకున్నాయి, అవి పురుగులట, చెయ్యి నీడ పడితే చాలు చటుక్కున లోపలికి లాగేసుకుంటాయి. పక్కనే వేలెడంత నీలం చారల క్లీనర్ రాస్ చేప ఒకటి, దాని ముందు పెద్దపెద్ద చేపలు వంతు కోసం ఆగి ఉన్నాయి, ఒక గ్రూపర్ అయితే నోరు బార్లా తెరిచి నిలబడితే ఇది లోపలికెళ్ళి పళ్ళ మధ్య పురుగులు ఏరుకుని మొప్పల్లోంచి బయటికొచ్చింది. మింగెయ్యొచ్చు కదా, మింగదు.

చెవులు కూడా పెట్టండి, రీఫ్ మౌనంగా ఉండదు. నిప్పుల్లో పుల్లలు చిటపటలాడినట్టు ఒకటే శబ్దం వస్తుంటుంది, అది స్నాపింగ్ ష్రింప్ అనే బుల్లి రొయ్యలు పట్టకారు లాంటి కొండిని టప్‌మని మూయడం వల్ల. మధ్యలో కరకర అని వినపడితే దగ్గర్లో చిలక చేప ఉందని అర్థం, ముక్కులాంటి పళ్ళతో పగడాన్ని గీరి నాచు తిని మిగతాది ఇసకగా వదులుతుంది, మనం మురిసిపోయే తెల్లటి బీచ్ ఇసకలో కొంత దీని వెనక నుంచి వచ్చిందే :) కాకపోతే నీళ్ళలో శబ్దం గాల్లో కంటే నాలుగు రెట్లు స్పీడ్‌గా పోతుంది కాబట్టి ఏ వైపు నుంచి వస్తుందో పట్టుకోలేం.

ఎనిమోన్ (పువ్వులా కనపడే సముద్ర జంతువు) కనపడితే అందులో ఉండే క్లౌన్ ఫిష్ కోసం ఎలాగూ ఆగుతారు. ఆ చేపల్లో అన్నిటికంటే పెద్దది ఆడది, దాని తర్వాతి సైజుది మగది, ఆ ఆడది చనిపోతే ఈ మగదే ఆడదిగా మారిపోతుంది.

ఇలా ఒకచోట కదలకుండా ఆగాలంటే తేలడం మీద కంట్రోల్ ఉండాలి, అసలు కష్టం అక్కడే. ఊపిరి పీల్చగానే పైకి పోరు, ఒకటి రెండు సెకన్లు ఆగి లేస్తారు, ఈలోపు కంగారుపడి బీసీడీ (గాలి నింపి, వదిలి తేలడాన్ని సరిచేసుకునే జాకెట్) బటన్లు నొక్కేస్తే యోయోలా పైకీ కిందకీ ఊగుతూనే ఉంటారు. నిదానంగా పీల్చి నిదానంగా వదలండి, బటన్ల జోలికి తక్కువ వెళ్ళండి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకండి, 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి డబుల్, అక్కడ నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు అవుతుంది, ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ఇంకోటి, కొత్తవాళ్ళు నీళ్ళలో మునగడానికి కట్టుకునే సీసం వెయిట్స్ అవసరానికి మించి వేసుకుంటారు, నేనూ అంతే, మొదటి డైవ్‌లో సగం తంటా ఆ సీసం వల్లే.

చిన్న టార్చ్ పగలైనా తీసుకెళ్ళండి. కొన్ని మీటర్లు దిగగానే ఎరుపు రంగు పోతుంది, అంతా నీలంగా బూడిదగా కనపడుతుంది. ఒకసారి తాడు గీసుకుని వేలు తెగితే 15 మీటర్ల లోతులో రక్తం ఆకుపచ్చగా కనపడి హడలిపోయా. బండ కింద మట్టిరంగులో ఉన్నదాని మీద లైట్ వేయగానే ఎర్రగా భగ్గుమంటుంది, అందుకోసమైనా తీసుకెళ్ళాలి.

భయం సంగతి. సొరచేపల గురించి అందరూ అడుగుతారు, నాకు ఎదురైన రీఫ్ షార్క్‌లన్నీ నన్ను చూసి పక్కకి తప్పుకున్నవే. పాములా ఉండే మోరే ఈల్ చేప నోరు తెరిచి మూస్తుంటే బెదిరిస్తోంది అనుకోకండి, అది ఊపిరి తీసుకునే పద్ధతే అది. నన్ను నిజంగా తరిమింది టైటాన్ ట్రిగ్గర్ ఫిష్! గుడ్లు పెట్టిన గూడు కాస్తుంటే నేను చూసుకోకుండా వెళ్ళా, వచ్చి ఫిన్ కొరికింది. దాని హద్దు గూడు నుంచి పైకి గరాటులా వెడల్పు అవుతుంది కాబట్టి పైకి పారిపోతే ఇంకా దాని ఇలాకాలోనే ఉంటారు, పక్కకి ఈదాలి, ఫిన్స్ దాని వైపు పెట్టి. లయన్ ఫిష్, స్టోన్ ఫిష్ వెంటపడవు, మనం తగిలితేనే విషం ముళ్ళు దిగుతాయి, స్టోన్ ఫిష్ అయితే అచ్చం రాయిలాగే ఉంటుంది. అందుకే చేతులు కట్టుకుని ఈదడం మంచిది, మీకూ మంచిది రీఫ్‌కీ మంచిది.

తెల్లగా మెరిసే పగడం కనపడితే అందంగా ఉందని మురిసిపోకండి, నేను మురిసిపోయి తర్వాత సిగ్గుపడ్డా. పగడం లోపల ఉండే నాచు దానికి తిండి పెడుతుంది, రంగూ చాలావరకు దానివల్లే, నీళ్ళు వారాల తరబడి వేడెక్కితే ఆ నాచు బయటికి పోయి ఎముకలా తెల్లబడుతుంది. అప్పటికి చచ్చిపోయినట్టు కాదు, వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016, 2017, 2020, 2022, 2024ల్లో భారీగా జరిగింది ఇదే, మధ్యలో కోలుకునే టైమ్ ఎక్కడుంది చెప్పండి. సన్‌స్క్రీన్ బదులు ఫుల్ హ్యాండ్స్ ర్యాష్‌గార్డ్ (ఈత చొక్కా) వేసుకోండి, పగడాలకి హాని చేస్తుందని ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని హవాయిలో 2021 నుంచి ఆపేశారు కూడా.

మిగతావి కోర్సులో చెప్పే ఉంటారు, 50 బార్ మిగిలుండగా పైకి రావడం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం, వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగడం. కెమెరా మాత్రం మొదటి కొన్ని డైవ్‌లకి పడవలోనే వదిలేయండి, నా మొదటి వీడియోలన్నీ చేపల తోకలే. డైవ్ వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌లో చేపల పేర్లు రాయకపోయినా ఏ సూట్‌కి ఎన్ని కిలోల వెయిట్ వేసుకున్నారో రాసుకోండి, నేను రాసుకోక ప్రతి ట్రిప్‌లో మొదటి డైవ్ ఆ లెక్క తేల్చుకోవడానికే అయిపోయేది.