పుస్తకం కోసం గొలుసు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను టైలరింగ్ షాపు నడుపుతాను. మా అమ్మాయి ఒడియా మీడియంలో చదివి ఇప్పుడు ప్లస్ టూ ఆర్ట్స్ రెండో ఏడాదిలో ఉంది. తెలుగు ఇంట్లో నేనే నేర్పాను. కథలు రాస్తుంది. పన్నెండు కథలు కలిపి పుస్తకం వేస్తామని ఒక ప్రచురణ సంస్థ వాళ్లు ఫోన్ చేశారు. 38 వేలు కడితే 100 కాపీలు, ఆన్‌లైన్ అమ్మకం, సర్టిఫికెట్, షీల్డు ఇస్తారట. నా గొలుసు తాకట్టు పెడదామా అని చూస్తున్నాను. అదేమో డిగ్రీ వద్దు, రచయిత్రినే అవుతాను అంటోంది. రాతతో బతుకు సాగుతుందా? రెండు కథలు, వాళ్లు పంపిన ఒప్పందం జత చేస్తున్నాను.

జవాబు: అమ్మా, గొలుసు తాకట్టు పెట్టకండి. ఒప్పందం మీద సంతకమూ పెట్టకండి. అలాగని అమ్మాయిని రాయడం మానమనకండి. ఆ రెండు కథలూ చదివాకే ఈ మాట అంటున్నాను.

ముందు డబ్బు లెక్క చూద్దాం. 100 కాపీలకి 38 వేలంటే ఒక్కో పుస్తకం మీకు 380 రూపాయలు పడుతుంది. వాళ్లు వేస్తామన్న ధర 200. బంధువులకీ స్నేహితులకీ ఒక్క కాపీ కూడా ఊరికే ఇవ్వకుండా అన్నీ అమ్మినా చేతికొచ్చేది 20 వేలు. షాపులో పెడితే కమీషన్ పోతుంది. 40 శాతం తీసుకున్నారనుకుంటే 12 వేలే మిగులుతాయి. మీ షాపులో బ్లౌజు కుట్టి కూలి తీసుకుంటారు గానీ, కుట్టనిచ్చినందుకు కస్టమర్‌కి మీరే ఎదురు డబ్బులివ్వరు కదా. ఈ ప్యాకేజీ అలాంటిదే. ఈ సంస్థకి రాబడి పాఠకుల దగ్గర్నుంచి కాదు, మీ దగ్గర్నుంచి వస్తోంది. మీరు డబ్బు కట్టగానే వాళ్ల లాభం వాళ్లకి ముట్టేసినట్టే. ఆ తర్వాత పుస్తకం అమ్ముడైతే ఎంత, కాకపోతే ఎంత? దాన్ని అమ్మాలన్న తొందర వాళ్లకెందుకుంటుంది?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తప్పని నేననను. తెలుగులో పేరున్న రచయితలే చాలామంది అలా వేసుకున్నారు. అయితే వాళ్లు డీటీపీకి (కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు పెట్టడానికి), ముఖచిత్రానికి, కాగితానికి, ప్రెస్సుకి విడివిడిగా ఎంతవుతుందో కనుక్కుంటారు. ఫారానికి 16 పేజీలు, 160 పేజీల పుస్తకమంటే పది ఫారాలు, ఆ లెక్కన ప్రెస్సువాళ్లతో బేరమాడతారు. కాపీలూ వాళ్లవే, హక్కులూ వాళ్లవే. మీ కొటేషన్‌లో ఐఎస్‌బీఎన్‌కి, అంటే ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు నంబరుకి కూడా 3 వేలు వేశారు. మన దేశంలో ఆ నంబరు ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తారు. సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలు కూడా పెట్టుకోవచ్చు.

డబ్బుకన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఒప్పందంలో నాలుగో పేజీ. ‘రచనపై సమస్త హక్కులు, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా ప్రచురణకర్తకే చెందుతాయి’ అని ఉంది. అంటే డబ్బూ మీరే కట్టి, కథలూ వాళ్లకే రాసిచ్చేస్తున్నారు. రేపు మీరు పంపిన రెండు కథల్లో సంత మీద రాసినదాన్ని ఎవరైనా షార్ట్ ఫిల్మ్ తీస్తామంటే అడగాల్సింది మీ అమ్మాయిని కాదు, వాళ్లని. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కథ రాసినప్పుడే దాని మీద హక్కు రాసినవాళ్లకి వచ్చేస్తుంది. రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఆ హక్కు రచయిత జీవితకాలమంతా, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. కాలపరిమితి రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కానీ ‘శాశ్వతంగా’ అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెడితే ఆ ఐదేళ్ల రక్షణ పోతుంది. 18 నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు కాబట్టి ఆ సంతకం మిమ్మల్ని అడుగుతున్నారు.

ఇక మీ అసలు ప్రశ్న, రాతతో బతుకు సాగుతుందా అన్నది. తెలుగులో కథలు, నవలలు మాత్రమే రాసి ఇల్లు గడుపుకునేవాళ్లు బహు కొద్దిమంది. మంచి ప్రచురణ సంస్థే పైసా అడక్కుండా పుస్తకం వేసిందనుకుందాం. ధర 150, 500 కాపీలు, రాయల్టీ పది శాతం. ఆ 500 అమ్ముడైతే రచయితకి 7,500 రూపాయలు. ఆ పుస్తకానికి ఏడాది కష్టపడితే నెలకి 625 పడినట్టు. సినిమా, సీరియల్, వెబ్ సిరీస్ రాతలో డబ్బుంది. కానీ దానికి హైదరాబాద్‌లో ఏళ్లతరబడి అసిస్టెంట్‌గా తిరిగే ఓపిక కావాలి, అక్కడ నెలనెలా జీతం గ్యారంటీ లేదు. కాబట్టి డిగ్రీ మానే ప్రసక్తే వద్దు. కథ మీద ఇంటి అద్దె భారం పడితే ఏది అమ్ముడవుతుందో అదే రాయాల్సి వస్తుంది. పద్దెనిమిదేళ్లకే ఆ టెన్షన్ ఎందుకు?

మీ ఊరి ఉదాహరణే అమ్మాయికి చెప్పండి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడి పంతులుగా జీతం తీసుకుంటూనే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసేనాటికి ఆయనకి 68 ఏళ్లు. బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారు వృక్షశాస్త్రం చదువుకున్నారు, తెలుగులో నవల రాశారు, మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలు తెలుగులోకి అనువదించే ఉద్యోగం చేశారు. రాత ఒక పక్క, జీతం ఒక పక్క ఉన్నంత మాత్రాన వాళ్ల రచనకి వచ్చిన లోటేమీ లేదు.

ఇప్పుడు కథల సంగతి. మొదటి కథ హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ దంపతులది. అమ్మాయి ఆ జీవితం చూడలేదని రెండో పేరాకే తెలిసిపోయింది. వాళ్లు మాట్లాడుకునే మాటలన్నీ సీరియల్స్‌లో విన్నవే. రెండోది సంత కథ. కొండచీపుర్లు అమ్మే సవర ఆవిడ చంటిదాన్ని సవరలో కసురుతుంది, చిల్లర తెలుగులో లెక్కపెడుతుంది, బస్సు కండక్టర్‌ని ఒడియాలో బతిమాలుతుంది. మూడు భాషలు మారినప్పుడల్లా ఆవిడ గొంతు ఎలా మారుతుందో అమ్మాయి పట్టుకుంది. చివర్లో మిగిలిపోయిన రెండు చీపుర్లు బస్సెక్కేముందు టీకొట్టువాడికి ఊరికే ఇచ్చేసే చోట నేను ఆగిపోయాను. ఎందుకిచ్చిందో కథలో ఎక్కడా చెప్పలేదు, చెప్పకపోవడమే బాగుంది. ఆ సంతని ఇలా రాయగలిగినవాళ్లు విజయవాడలో, హైదరాబాద్‌లో దొరకరు.

ఒక లోపం ఉంది, దిద్దుకోవచ్చు. ‘కొడలు’, ‘ఏదురు’, ‘తొట’ లాంటి తప్పులు పేజీకి నాలుగైదు కనిపించాయి. ఒడియాలో ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా పాటించరు కాబట్టి ఆ మీడియంలో చదివిన పిల్లలకి తెలుగు రాతలో ఇక్కడే తడబాటు వస్తుంది. చెవికి తేడా తెలుసు, చేతికి అలవాటు లేదు. రోజూ మంచి వచనం ఒక పేజీ చూసి రాయమనండి, రాసింది మీకు పైకి చదివి వినిపించమనండి. షాపులో కుడుతూనే వినొచ్చు. ఏడాదిలో సరిపోతుంది.

పుస్తకం సంగతి అయిదేళ్ల తర్వాత చూడొచ్చు. ఇప్పుడు పత్రికలకి పంపాలి. దినపత్రికల ఆదివారం అనుబంధాలు కథలు వేస్తాయి, ఉగాదికీ సంక్రాంతికీ దీపావళికీ పోటీలు పెడతాయి. కథతో పాటు హామీపత్రం జతచేయాలి. ఇది నా సొంత కథ, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని అందులో ఉండాలి. ఫేస్‌బుక్‌లోనో, ప్రతిలిపి లాంటి కథల యాప్‌లోనో పెట్టేసిన కథని చాలామంది ఎడిటర్లు ప్రచురితమైనట్టే లెక్కేస్తారు. కాబట్టి అక్కడ పెట్టేవి వేరు, పత్రికలకి పంపేవి వేరు ఉండాలి. టైపు యూనికోడ్‌లో చేయాలి. కొన్ని పత్రికలు, ప్రెస్సులు ఇంకా యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లే వాడతాయి. మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి కాబట్టి పీడీఎఫ్ కూడా జతచేస్తే మేలు. జవాబు నెలలకొద్దీ రాకపోవచ్చు. ఈలోగా ఇంకో కథ మొదలుపెట్టాలి. పారితోషికం వచ్చినా తక్కువే, కానీ అక్కడ ఎడిటర్ చెయ్యి పడుతుంది. 38 వేల ప్యాకేజీలో లేనిది అదే. వాళ్లు ఒక్క అక్షరం కూడా దిద్దకుండా ‘అద్భుతం’ అన్నారని మీరే రాశారు.

చదువు విషయానికొస్తే, మీ అమ్మాయికి ఉన్న పెద్ద ఆస్తి రెండు లిపులు, రెండు సాహిత్యాలు. తెలుగు, ఒడియా రెండూ చదవగల, రాయగల పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ తక్కువే. కేంద్ర సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ భారతీయ భాషల మధ్య అనువాదాలు వేస్తాయి. టీవీ, వెబ్ వార్తా సంస్థలకి రెండు భాషలూ తెలిసిన డెస్క్ మనుషులు పనికొస్తారు. డబ్బింగ్, సబ్‌టైటిల్స్ పని ఉంది. మామూలు సమాచారాన్ని ఇప్పుడు మెషీన్లే అనువదిస్తున్నాయి కాబట్టి ఆ పనికి రేట్లు పడిపోతాయి, దాన్ని నమ్ముకోవద్దు. కథని కథగా అవతలి భాషలోకి తేగలిగినవాళ్ల అవసరం ఉంటుంది. డిగ్రీలో ఒడియాగానీ ఇంగ్లీషుగానీ ప్రధానంగా తీసుకుని, పీజీ తెలుగులోనో అనువాద అధ్యయనంలోనో చేయొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ తెలుగు శాఖ మీకు దగ్గర. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయనానికి ప్రత్యేక కేంద్రమే ఉంది, ప్లస్ టూ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. కోర్సులూ ఉన్నాయి. వాటికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ ఏడాది నోటిఫికేషన్ వచ్చినప్పుడు తెలుగు ఉందో లేదో, అర్హత ఏమిటో చూసి దరఖాస్తు పెట్టించండి. బీఈడీ చేసి టీచర్ అవుతానన్నా నాకు ఆనందమే.

అనువాదం సాధన ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఒడియా కథకుడు ఫకీర్ మోహన్ సేనాపతి 1918లోనే పోయారు కాబట్టి ఆయన కథలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోరాపుట్ జనం గురించి రాసిన ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1991లో పోయారు. ఆయన రచన అనువదించి అచ్చుకిస్తే 2051 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. ఇంట్లో సాధనకి ఎవరిదైనా చేసుకోవచ్చు.

యువ రచయితల కోసం నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ పథకం మీద కూడా కన్నేసి ఉంచండి. 30 ఏళ్లలోపు వాళ్లకి, ఎంపికైతే ఆరు నెలలపాటు నెలకి 50 వేల స్కాలర్‌షిప్, పుస్తకం వాళ్లే వేస్తారు, పది శాతం రాయల్టీ ఇస్తారు. 2021లో మొదటి విడతలో అన్ని భాషలకీ కలిపి 75 మందినే తీసుకున్నారు కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ప్రకటన వచ్చిన ప్రతిసారీ దరఖాస్తు మాత్రం పెట్టాలి.

ఆ సంస్థకి ‘ఇప్పుడు వద్దు’ అని ఒక్క మెసేజ్ పెట్టండి, కథల ఫైలు వాళ్లకి పంపి ఉంటే దాన్ని వాడుకోవడానికి అనుమతి ఇవ్వడం లేదని అందులోనే రాయండి, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. సంత కథలో దీర్ఘాలు దిద్దించి, మొదటి పేరాలో సూర్యోదయం వర్ణన తీసేయించి, ఈ నెలలోనే ఒక ఆదివారం అనుబంధానికి పంపించండి. అపార్ట్‌మెంట్ కథ పక్కన పెట్టమనండి.